పంది పట్టెడ

పెద్దులు నోట మాట రావడం కంటే ఎండిన బావిలో ఊట రావడం తేలిక అనేవాడు పాపయ్య. పాపయ్య నోటికి తలుపు లేదు; ఉన్నా గడియ పెట్టుకునే రకం కాదు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు, పక్కపక్క చేలు. ఒకడు ఊరందరికీ సరిపడా మాట్లాడతాడు, ఒకడు ఊరందరికీ సరిపడా చూస్తాడు అని పెద్దులు భార్య సత్తెమ్మ అనేది. ఆ మాట ఇద్దరూ కాదనలేదు.

ఊరు అనంతగిరి పక్కన. గుట్టకు ఇవతల ఊరు, అవతల తండా, మధ్యలో చేలు. యూనియన్ మిలిట్రీ వచ్చిన మరుసటి యేడు అది. దొరల తుపాకులు, పటేళ్ల తుపాకులు, ఎవరివో ఎవరూ చెప్పని తుపాకులు అన్నీ పోలీసు ఠాణాకు చేరాయి. ఆ కబురు మనుషుల కంటే ముందు అడవి పందులకు అందినట్టుంది. అంతకుముందు దొంగల్లా వచ్చేవి, ఆ యేడు కొత్తల్లుళ్లలా రావడం మొదలుపెట్టాయి. పల్లికాయ చేలో దిగితే మూతితో దున్ని, కాయ తిని, ఆకు మాత్రం రైతుకు వదిలి నింపాదిగా గుట్టెక్కేవి.

తుపాకులు పోయాక మిగిలినవి బల్లేలు, కుక్కలు. అందుకని ఊరివాళ్లూ తండావాళ్లూ కలిసి ఒక జట్టు కట్టారు. ఎవరి చేలో పందులు పడితే వాళ్ల చేనికి జట్టంతా కుక్కలతో పోవాలి. జట్టుకు పెద్ద తండా బాల్యా. పొట్టిగా, గుండ్రాయిలా ఉంటాడు. నవ్వితే గుట్ట అవతలికి వినిపిస్తుంది. జట్టు కట్టుబాటు ఒకటే. జట్టు మర్యాద తప్పినవాడి చేనికి కుక్క రాదు. వాడి పల్లికాయను వాడే కూర్చుని కాసుకోవాలి.

ఆ మర్యాదల్లో పెద్దది పట్టెడ, అంటే కుక్క మెడకు కట్టే తోలు పట్టీ; జట్టు కట్టకముందు నుంచే వేటల్లో ఉన్నది అది. పంది చెవిని ఏ కుక్క ముందు పట్టి నిలుపుతుందో గెలుపు దానిది. పంది పడగానే, ఇంకా మంటలో బొచ్చు కాల్చకముందే, బాల్యా దాని వెన్ను మీది నుంచి బెత్తెడు వెడల్పు తోలు కోస్తాడు. బిరుసు వెంట్రుకలు ముళ్లలా నిలబడి ఉండగానే ఆ తోలును గెలిచిన కుక్క మెడకు కడతాడు. కాల్చాక కోస్తే వెంట్రుక ఉండదు. వెంట్రుక లేని పట్టెడ తురాయి లేని తలపాగా అని బాల్యా మాట. ఇంకో కుక్క గెలిచేదాకా అది ఆ మెడకే ఉండాలి. అందంతో పాటు పని కూడా ఉంది దానికి. గెలిచిన కుక్క మీద ఊరి కళ్లన్నీ పడతాయి కనుక, పంది వెంట్రుక ఆ దిష్టిని ఆపుతుందని అందరి నమ్మకం.

పెద్దులుకూ ఒక కుక్క ఉంది, సుక్క. మిర్యాలగూడ అంగడికి ఎడ్లు కొనబోయి, ఎడ్లు కుదరక ఉత్త చేతులతో తిరిగొస్తుంటే బండి వెనక నడిచి వచ్చిన పిల్ల. నుదుట తెల్ల బొట్టు, కొంగ కాళ్లు. ఎవరూ పిలవలేదు, ఎవరూ తరమలేదు. పెద్దులు ఇంట్లో అదీ తక్కువ మాటల మనిషిలాగే పెరిగింది. మొరిగేది తక్కువ, పరుగు ఎక్కువ.

ఆ యేడు వానకారులో గెలిచింది బాల్యా కుక్క బాద్షా. ఎర్రగా, దిట్టంగా, పట్టెడ కట్టుకుని తండాలో నడుస్తుంటే మేకలు దారి ఇచ్చేవి. పంట చేతికొచ్చే రోజులకు ఆ బాద్షా గోక్కోవడం మొదలుపెట్టింది. గుడిసె నిట్టాడు గుంజకు రాసుకునేది, రాయికి రాసుకునేది, ఏదీ దొరక్కపోతే బాల్యా కాళ్లకే రాసుకునేది. వెంట్రుక రాలి, తోలు ఏనుగు చర్మంలా ముడతలు పడి, పొట్టు లేచింది. కుక్కకు గజ్జి పట్టిందని ఎవరైనా చెప్పగలరు. ఎందుకు పట్టిందన్నదే మాట.

"దిష్టి," అన్నాడు పాపయ్య. ఆ రోజు ఊరి నుంచి అయిదారుగురు కుక్కను చూడటానికి తండాకు పోయారు. "నిరుడు పట్టెడ గెలిసిన నా కుక్క గండుగానికి గిట్లనే అయింది గద. గెలిసినోని మీద లోకం కండ్లు ఉంటయి. నేను సూర్యాపేట పోయి తాయెత్తు గూడ తెచ్చి కట్టిన."

"తాయెత్తు కడితె ఏమైంది?" అడిగాడు బాల్యా.

"ఏమైతది. పట్టెడ వదులైంది, తాయెత్తు ఒక్కటి ఏం జేస్తది. సచ్చింది. పట్టెడ బిగించి కట్టాలె భాయ్, నేను జేసిన తప్పు నువ్వు జెయ్యకు."

బాల్యా పట్టెడను ఇంకో వేలెడు బిగించాడు. బాద్షా మెడ తిప్పి, వెనక కాలితో దాన్నే గోకసాగింది.

పెద్దులు కొంచెం దూరంగా గొంతుక్కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి, చేత్తో ముట్టకుండా ఒక పుల్లతో పట్టెడ అంచు ఎత్తి చూశాడు. కింద వెంట్రుకే లేదు. ఎర్రగా, తడిగా, మెడ చుట్టూ చెక్కినట్టు ఒక వలయం ఉంది. అక్కడి నుంచి దూరం పోయే కొద్దీ గజ్జి పలచబడింది. తోక దగ్గర బాద్షా ఇంకా బాద్షాలాగే ఉంది.

నిరుడు పాపయ్య గండుగాడిదీ ఇదే వలయం. పెద్దులుకు బాగా గుర్తుంది. ఇంకొకటి కూడా గుర్తుంది. గుట్ట కింది బురద మడుగు పక్కన ఒక తుమ్మచెట్టు. పందులు పొర్లి లేచి దానికి రాసుకుని రాసుకుని మొదలు నున్నగా చేశాయి. ఆ మొదలుకు వెంట్రుకలూ తెల్లటి పొట్టూ అంటుకుని ఉండేవి. ఒకరోజు పక్క మీద బొచ్చు ఊడిన పంది ఒకటి అక్కడే మెడ రాసుకుంటూ, సుఖం పట్టలేక కళ్లు మూసుకోవడం అతను చూశాడు. దిష్టి తగలడానికి ఆ పంది ఏ పందెం గెలిచింది?

ఈ మాట అక్కడ అనొచ్చు. కానీ మాట అనగానే పాపయ్య దానికి పది మాటలు బదులిస్తాడు, వాటికి మళ్లీ బదులివ్వాలి. పెద్దులు పుల్ల పారేసి ఇంటిదారి పట్టాడు.

ఇంటికొచ్చి సత్తెమ్మతో అన్నాడు. "పట్టెడలనే ఉన్నది గజ్జి."

సత్తెమ్మ జొన్నరొట్టె కొడుతున్న చెయ్యి ఆపింది. మొగుడు అడగకుండా మాట్లాడాడంటే సంగతి చిన్నది కాదు. "పంది తోలుదా?"

"ఆఁ. పచ్చితోలుల ఏదో పురుగుంటది. కండ్లకు కానరాదు."

"మరి చెప్పకపోయినవ్?"

"వింటరా?"

"నువ్వు చెప్తే గద వినేది. అయినా నీకెందుకు పరేషాన్, మన సుక్క ఎన్నడన్న గెలిసిందా పెట్టిందా."

పెద్దులు అరుగు మీద పడుకున్న సుక్క వైపు చూశాడు. ఇన్నాళ్లూ సుక్క రెండో కుక్క. బాద్షా చెవి పట్టేది, సుక్క వెనక తొడ పట్టేది. ఇప్పుడు బాద్షా మంచాన పడింది. ముందు పరుగెత్తే కుక్క సుక్క తప్ప జట్టులో ఇంకొకటి లేదు. ఈసారి పంది లేస్తే చెవి పట్టేది సుక్కే. మర్నాటికి దాని మెడకు పట్టెడ, పంట ఇంటికొచ్చేసరికి దానికీ ఆ వలయం. సత్తెమ్మకు ఇది చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె కూడా సుక్క మెడ వైపే చూస్తూ ఉంది.

"కట్టనియ్యకు," అంది.

"మర్యాద తప్పినట్టయితది. జట్టు రాదు."

"ఏటకు తోల్కపోకు."

"మన చేన్లనే పడ్డయి."

అదీ నిజమే. ఆ పొద్దునే చేని తూర్పు మూలన పది సాళ్లు తిరగబడి ఉన్నాయి. జట్టు రాకపోతే కోతకొచ్చిన పల్లికాయ పందుల పాలు. జట్టు వస్తే సుక్క గెలుస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే పెద్దులుకు ఆ రాత్రే బాగా తెలిసొచ్చింది.

మర్నాడు తెల్లవారుతూనే జట్టు వచ్చింది. మంచు ఇంకా ఆకుల మీదే ఉంది. బాల్యా బల్లెం పట్టుకుని ముందు, పాపయ్య మాటలు పట్టుకుని వెనక. "శబ్దం చేయొద్దు, శబ్దం చేయొద్దు" అని అందరికంటే గట్టిగా చెబుతున్నది పాపయ్యే.

తుప్పల్లోంచి లేచింది ఒంటి మగపంది, వీపు మీద గొర్రెంత బురద మోసుకుని. కుక్కలు కమ్ముకున్నాయి. పెద్దులు ఒక్క క్షణం సుక్క పట్టు తప్పితే బాగుండునని అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. సుక్క మాత్రం ఎవరి మనసులో ఏముందో పట్టించుకోలేదు. కొంగ కాళ్లతో చుట్టూ ఒక చుట్టు తిరిగి, కోర తగలని పక్క నుంచి దూరి, చెవి పట్టి వేలాడింది. పంది తల విదిలిస్తే గాలిలో లేచింది కానీ నోరు వదల్లేదు. బాల్యా బల్లెం దిగింది.

"సబాష్ సుక్కా," అని బాల్యా నవ్వితే గుట్ట మీది పిట్టలు లేచిపోయాయి. కత్తి తీశాడు. తోలు కోశాడు. బురదా నెత్తురూ తుడిచి, వెంట్రుకలు దువ్వి, పట్టెడ సిద్ధం చేసి, "పట్టుకో భాయ్ నీ కుక్కను," అన్నాడు.

పెద్దులు సుక్కను తన కాళ్ల వెనక్కి నెట్టాడు.

"నాకు కట్టు," అన్నాడు.

జట్టంతా అతని వైపు తిరిగింది. మాట అర్థం కాక కాదు, మాట్లాడింది పెద్దులు కాబట్టి.

"నీకా?" అన్నాడు బాల్యా.

"పట్టెడ గెలిచిన ఇంటికి పోవాలె. పోతున్నది గద."

"కుక్క మెడకు కట్టేది మనిషికి కడతరా ఎక్కడన్న?" అన్నాడు పాపయ్య. "పంది చెవి నువ్వు పట్టినవా నోటితోని?"

"కట్టొద్దని మర్యాదల ఉన్నదా?"

అలాంటి మర్యాద ఏదీ లేదు. కుక్క పట్టెడ మనిషి అడుగుతాడని మర్యాద పెట్టినవాళ్లెవరూ అనుకుని ఉండరు. బాల్యా గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. తల తిప్పి పంది వైపు చూశాడు, పెద్దులు మెడ వైపు చూశాడు.

"ఎందుకు?" అని అడిగాడు.

"పండుగ దాంక నేను కట్టుకుంట. నాకు ఏం గాకపోతే సుక్కకు నా చేత్తో నేనే కడత. ఏమన్న అయితే మీరే జూద్దురు."

ఒక పొద్దులో పెద్దులు అన్ని మాటలు మాట్లాడటం జట్టులో ఎవరూ ఎరుగరు. దానికైనా విలువివ్వాలని అనిపించిందో ఏమో, బాల్యా అతని మెడకు పట్టెడ కట్టాడు. ముళ్ల వెంట్రుకల మధ్య పెద్దులు తల ముళ్లపొదలో చిక్కిన సొరకాయలా ఉంది. పాపయ్య నవ్వి నవ్వి కూలబడ్డాడు. "ఇగ రేపటి నుంచి ఇంటి ముందు కాపలా గూడ నువ్వే ఉండు బావా, సుక్కకు మంచమెయ్యి," అన్నాడు.

పెద్దులు సుక్కను వాగుకు తీసుకుపోయి, చెవి పట్టిన మూతినీ కాళ్లనూ బూడిద పెట్టి రుద్ది కడిగి, కానుగ నూనె రాశాడు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. అది దగ్గరికొస్తే పుల్ల చూపి దూరం తోలాడు. సుక్కకు అది అర్థం కాలేదు. గెలిచిన రోజే తనను ఎందుకు తరుముతున్నాడో తెలియక, గడప అవతల కూర్చుని అతని మెడలో ఉన్న పంది వాసన వైపు మూతి పెట్టి చూస్తూ ఉండిపోయింది.

ఊళ్లో కొన్నాళ్లు దానికంటే మంచి కబురు లేదు. కోదాడ అంగడికి పోయే బండ్లవాళ్లు కూడా ఆగి చూసి పోయేవారు. ఆడవాళ్లు నీళ్లకు పోతూ, "సత్తెమ్మా, మీ ఆయన చెవి పట్టి నిలుపుతడా?" అని అడిగేవారు. సత్తెమ్మ మొదట సిగ్గుపడింది, తర్వాత కోపపడింది, ఆ తర్వాత తనే అనడం మొదలుపెట్టింది: "నిలుపుతడు గని, కూర నచ్చకపోతే మొరుగుతడు."

పెద్దులు చేను కాసుకుంటూ ఎదురుచూశాడు. మొదట ఏమీ లేదు, వాసన తప్ప. ఆ వాసనకు ఎడ్లే ముఖం తిప్పుకున్నాయి. దురద రాకపోతే తన మాట తప్పు, వస్తే తన మెడకు ముప్పు. ఏది కోరుకోవాలో అతనికే తెలియలేదు.

ఒకరోజు పల్లికాయ పీకుతూ, తెలియకుండానే మెడ గోక్కున్నాడు. కొంచెం సేపటికి మళ్లీ గోక్కున్నాడు. చెయ్యి ఆపి, గోళ్లు చూసుకుని, ముసిముసిగా నవ్వాడు. దురదకు సంతోషించిన మనిషి ఆ తాలూకాలో అతనొక్కడే అయి ఉంటాడు.

సంతోషం ఎంతో సేపు నిలవలేదు. ఎండ పడితే దురద, చెమట పడితే దురద, పక్కమీద ఒళ్లు వెచ్చబడితే ఇంకా దురద. గోక్కున్న కొద్దీ మెడ చుట్టూ ఎర్రటి దద్దుర్లు దండలా లేచాయి. సత్తెమ్మ చాప తీసి బయట విసిరింది.

"దొడ్లె పండు. నాకంటుకుంటదో ఏందో. లోకంల ఆడోళ్లు మొగని మెడల పూలదండ జూసిండ్రు, నేను పంది దండ జూసిన."

"మంచిదే," అన్నాడు పెద్దులు.

"ఏంది మంచిది?"

"రుజువయింది."

సత్తెమ్మ పైకి గొణిగింది కానీ, తెల్లారగానే తండాకు తనే కబురు పంపింది.

బాల్యా వచ్చాడు, వెంట భార్య సీతాబాయి. వాళ్ల వెనకే పిలవని పేరంటానికి పాపయ్య. పెద్దులు ముడి విప్పి పట్టెడ తీసి, మెడ ఎత్తి చూపించాడు. బాద్షా మెడకు ఎక్కడ ఉందో అక్కడే, అంత వెడల్పునే ఎర్రటి వలయం.

బాల్యా వంగి చూశాడు. చాలా సేపు చూశాడు. అతని కుడి చెయ్యి తనంతట తనే పోయి ఎడమ ముంజేతిని గోకింది. బాద్షా రోజూ తల పెట్టుకుని పడుకునేది ఆ చేతి మీదే. సీతాబాయి గోకే చెయ్యి పట్టుకుని ఆపి, ఎడమ చేతి మీది చొక్కా పైకి లాగింది. అక్కడా దద్దుర్లే.

"ఉడుకుపొక్కులు అన్నవ్ గద నాతోని," అంది సీతాబాయి.

"పెద్దులుకు దిష్టి తగిలిందేమో," అన్నాడు పాపయ్య, పాత పాట వదల్లేక.

ఆ మాటకు సత్తెమ్మ పొయ్యి దగ్గర నుంచే బదులిచ్చింది. "ఈయన మొఖానికి దిష్టి ఎవరు పెడతరు పాపన్నా. పెండ్లప్పుడే తగల్లేదు."

బాల్యా నవ్వుతాడనుకున్నారు అందరూ. అతను నవ్వలేదు. పట్టెడను పుల్లతో ఎత్తి పొయ్యిలో వేశాడు. బొచ్చు చిటపటలాడింది.

"నేనే బిగించిన," అన్నాడు. "అది గోక్కుంటుంటే నేనే ఇంకా బిగించిన."

పాపయ్యకు తన గండుగాడి మెడ గుర్తొచ్చినట్టుంది. అరుగు చివర కూర్చుని నేల మీద గీతలు గీశాడు.

"బాద్షా బతికే ఉన్నది గద," అన్నాడు పెద్దులు. "కానుగ నూనె, గంధకం. నీకు గూడ, నాకు గూడ."

గంధకం తెచ్చింది పాపయ్యే. కోదాడకు ఆ పొద్దునే నడిచి పోయి తెచ్చాడు. ఎవరూ అడగలేదు. నూనెలో గంధకం మరిగించి పూస్తే, తండా అంతా కుళ్లిన గుడ్ల వాసన కొట్టింది. బాల్యా, పెద్దులు, బాద్షా ముగ్గురూ పసుపు రాసిన పెళ్లికొడుకుల్లా గుట్ట పక్క ఎండలో కూర్చునేవారు. పెద్దులు మెడ ముందు మానింది, తర్వాత బాల్యా చెయ్యి. బాద్షాకు అన్నిటికంటే ఆలస్యమైంది. దాని ఒంటి మీద బొచ్చు కొత్తగా నాటిన నారుమడిలా, అక్కడో మడి ఇక్కడో మడి లేచింది.

ఇక పట్టెడ సంగతి. మర్యాద మానేస్తే జట్టు చిన్నబోతుందని బాల్యా బాధ. తోలు ఉడకబెట్టి కడదామని ఒకరు, కాల్చి కడదామని ఒకరు అన్నారు. వెంట్రుక పోతుంది, దేనికి పనికొస్తుందని ఇంకొకరు అన్నారు. మగవాళ్లు అలా మాట్లాడుతుండగానే సీతాబాయి తన పాత లంగా అంచు కత్తిరించి, అద్దాలు కుట్టి, చుట్టూ గవ్వలు పేర్చి బెత్తెడు పట్టీ తయారు చేసింది. దాన్ని సుక్క మెడకు ఆమే కట్టింది. దిష్టికి అద్దం కంటే మందు లేదు, చూసినోని మొఖం వానికే కనబడతది అంది. ఒకటే చిక్కు వచ్చింది. సుక్క నడిస్తే గవ్వలు గలగలమంటాయి, ఆ చప్పుడుకు పందులు పొరుగూరికి పారిపోతాయి. అందుకని వేటకు పోయేటప్పుడు విప్పి, వచ్చాక కట్టాలని జట్టు కొత్త కట్టుబాటు చేసుకుంది.

పెద్దులు పల్లికాయ కళ్లానికి చేరింది. తూర్పు మూల పది సాళ్లే పోయాయి. ఎండబోసిన కాయల పక్కన సుక్క పట్టీ కట్టుకుని పడుకుని ఉంది. అద్దాల మెరుపులు కాయల మీద ఆడుతున్నాయి. ఉన్నట్టుండి అది లేచి కూర్చుని, వెనక కాలితో మెడ గోక్కుంది.

పెద్దులు చేతిలో చేట కింద పెట్టాడు. పాపయ్య మాట్లాడుతున్నవాడల్లా ఆగిపోయాడు. సత్తెమ్మ లేచి నిలబడింది. పెద్దులు సుక్క దగ్గర గొంతుక్కూర్చుని, పట్టీ విప్పి, బొచ్చు పాయలు పాయలుగా తీసి వెతికాడు. మెడ చుట్టూ వెతికాడు, చెవి వెనక వెతికాడు. చివరికి నెత్తురు తాగి ఉబ్బిన పురుగొకదాన్ని చిటికెతో పీకి, రాయి మీద పెట్టి ఇంకో రాయితో నలిపాడు.

"పిడుదు," అన్నాడు.

మళ్లీ పట్టీ కట్టి, చేట అందుకున్నాడు. సుక్క అతని కాలి మీద తల పెట్టుకుని పడుకుంది. ఈసారి అతను తోలలేదు.

పాపయ్య గట్టిగా ఊపిరి వదిలి, "ఈ నెలకు ఇగ అంతేనా మాట?" అని అడిగాడు.

పెద్దులు అంతే అన్నట్టు తల ఊపాడు.